ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్ ఎంబీఏ: ఇగ్నోనా, ప్రైవేటు వర్సిటీనా, సర్టిఫికెట్ కోర్సా? చేసినవాళ్లు చెప్పండి

మియాపూర్ ప్రయాణికుడు | సోమవారం, రాత్రి 10:48

నమస్కారం అండీ. నాకు 36 ఏళ్లు. 2011లో బీటెక్ అయింది. అప్పటి నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోనే ఉన్నాను. ఇప్పుడు రాయదుర్గంలో ఓ కంపెనీలో టెస్ట్ లీడ్‌ని. నా టీమ్‌లో తొమ్మిది మంది ఉన్నారు. నా తర్వాత చేరిన ఇద్దరు ఈ రెండేళ్లలో మేనేజర్లయ్యారు. ఇద్దరికీ ఎంబీఏ ఉంది. నాకు లేదు. కారణం అదేనని ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు కానీ మనసులో ఆ ముల్లు అలా ఉండిపోయింది.

మా ఆవిడ కూడా ఉద్యోగం చేస్తుంది. పాప మూడో తరగతి. హోం లోన్ నడుస్తోంది. ఉద్యోగం మానేసి చదివే పరిస్థితి లేదు. అందుకే ఆన్‌లైన్ ఎంబీఏ గురించి నెలరోజులుగా చూస్తున్నాను. నా ముందు మూడు దారులున్నాయి.

ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక వర్సిటీ) ఎంబీఏ. ఫీజు లక్షలోపే అయిపోతుంది.
ఓ ప్రైవేటు వర్సిటీ ఆన్‌లైన్ ఎంబీఏ. నాకు చెప్పిన ఫీజు 1.9 లక్షలు. పరీక్షలు ఇంటి నుంచే రాసుకోవచ్చట.
ఓ పెద్ద మేనేజ్‌మెంట్ సంస్థ పేరుతో 11 నెలల సర్టిఫికెట్ కోర్సు. 4 లక్షలు.

ఒక్కసారి నంబర్ ఇచ్చినందుకు రోజుకు ఆరేడు కాల్స్ వస్తున్నాయి. ఎవరిని అడిగినా వాళ్లదే బెస్ట్ అంటున్నారు. నిజంగా ఉద్యోగం చేస్తూ చదివినవాళ్లు, మీకేం పనికొచ్చిందో, ఏం పనికిరాలేదో చెప్పండి. టెన్షన్‌గా ఉంది, తప్పు చేస్తే డబ్బూ పోతుంది, రెండేళ్లూ పోతాయి.


కూకట్‌పల్లి వాసి | సోమవారం, రాత్రి 11:05

ప్రైవేటే బెటర్ బ్రో. యాప్ బాగుంటుంది, క్లాసు మిస్సయినా రికార్డింగ్ ఉంటుంది.


ఉప్పల్ అన్న | సోమవారం, రాత్రి 11:31

తమ్ముడూ, ముందు నా సంగతి విను. తర్వాత ఏదైనా తీసుకో.

రెండేళ్ల కింద నాకూ ఇలాగే కాల్స్ వచ్చినయి. ఓ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "సార్, మీ ప్రొఫైల్‌కి స్కాలర్‌షిప్ వచ్చింది, రాత్రి 12 లోపు సీటు బ్లాక్ చేసుకోవాలి" అన్నది. విదేశీ యూనివర్సిటీ ఎంబీఏ, ఏడాదిన్నరలో అయిపోతుంది, నెలకు ఇంత కడితే చాలు అన్నది. నాకు ఆఫీసులో రిలీజ్ ఉంది, బుర్ర పనిచేయట్లేదు. ఫోన్‌కి ఒక ఓటీపీ వచ్చింది, చెప్పిన. ఆ ఓటీపీ అడ్మిషన్‌ది కాదు, లోన్ అగ్రిమెంట్‌ది. ఫీజు మొత్తం ఓ ఫైనాన్స్ కంపెనీ కట్టేసింది, అప్పు నా పేరు మీద పడ్డది. అగ్రిమెంట్ పీడీఎఫ్ మరునాడు పొద్దున చదివితే తెలిసింది.

సరే, చదువైతే వస్తదిగా అని క్లాసులు విన్న. పాఠాలు చెడ్డగా ఏం లేవు. కానీ కొత్త ఉద్యోగం ఆఫర్ వచ్చి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి పోతే ఆ డిగ్రీ మన దేశంలో గుర్తింపు లేనిదని తేలింది. ఆఫర్ పోలేదు, నా అనుభవం చూసి తీసుకున్నరు. కానీ ఆ ఎంబీఏ లైను రెజ్యూమె నుంచి తీసెయ్యమన్నరు. ఈఎంఐలు మాత్రం ఇంకా కడుతున్న.

ఇట్లాంటి విదేశీ డిగ్రీలను ఆన్‌లైన్ కోర్సులు అమ్మే ఎడ్‌టెక్ కంపెనీల ద్వారా ఇస్తే చెల్లవని 2023 డిసెంబరులో యూజీసీ, అంటే వర్సిటీల గుర్తింపు చూసే కేంద్ర సంస్థ, బహిరంగంగానే హెచ్చరించింది. అప్పటికి నా పని అయిపోయింది. నీకింకా టైం ఉంది. ఎవరు ఎంత తొందరపెట్టినా ఆ రాత్రి మాత్రం కట్టకు.


మియాపూర్ ప్రయాణికుడు | సోమవారం, రాత్రి 11:50

అన్నా, ఇది చదివాక చేతులు చల్లబడ్డాయి. నాకూ నిన్న ఇదే మాట చెప్పారు, ఇవాళ రాత్రి 12 లోపు అని. ఫోన్ స్విచాఫ్ చేస్తున్నాను.


లెక్కల మనిషి | మంగళవారం, ఉదయం 6:20

నేను సీఏ ఆఫీసులో పనిచేస్తాను. డబ్బు వైపు నుంచి కొన్ని చెబుతాను.

ఒకటి, జీఎస్టీ. చట్టం గుర్తించిన డిగ్రీ ఇచ్చే విద్యా సంస్థ తన విద్యార్థి దగ్గర తీసుకునే ఫీజుకి జీఎస్టీ మినహాయింపు ఉంది. సర్టిఫికెట్ కోర్సుకు అది ఉండదు, 18 శాతం పడుతుంది. మీ మూడో దారిలో 4 లక్షలన్నారు. అందులో జీఎస్టీ కలిపారో లేదో అడిగారా? కలపకపోతే ఇంకో 72 వేలు. ఇంకో సంగతి. ఎవరైనా "ఇది డిగ్రీయే" అని చెబుతూ రసీదులో 18 శాతం వేశారంటే అక్కడే ఆగి, ఆ 18 శాతం దేనికో రాతపూర్వకంగా అడగండి.

రెండు, నో కాస్ట్ ఈఎంఐ. ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగండి. తగ్గిస్తామంటే ఆ తగ్గింపే మీరు ఈఎంఐలో కడుతున్న వడ్డీ. పైగా ఉప్పల్ అన్న చెప్పినట్టు అప్పు ఫైనాన్స్ కంపెనీకీ మీకూ మధ్య ఉంటుంది. మధ్యలో చదువు మానేసినా అప్పు ఆగదు. సిబిల్ స్కోరు దెబ్బతినేది మీదే.

మూడు, ఆదాయపు పన్నులో 80ఈ అని అందరూ పిలిచే మినహాయింపు. విద్యా రుణం మీద కట్టే వడ్డీని ఎనిమిదేళ్ల దాకా ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. అసలుకి లేదు, వడ్డీకి మాత్రమే. అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. ఇప్పుడు మీ కంపెనీ మిమ్మల్ని కొత్త విధానంలో పెట్టి ఉంటుంది కాబట్టి "ట్యాక్స్ బెనిఫిట్ ఉంది సార్" అనే మాట మీకు వర్తించకపోవచ్చు.

లక్షలోపు ఫీజుకి అసలు అప్పు దేనికి? సెమిస్టర్ సెమిస్టర్‌కీ జీతంలోంచే కట్టుకోవచ్చు. మధ్యలో ఆపాల్సి వచ్చినా పోయేది ఒక్క సెమిస్టర్ ఫీజే.


వడపోత | మంగళవారం, ఉదయం 9:40

గచ్చిబౌలిలో హెచ్ఆర్‌లో పన్నెండేళ్లుగా ఉన్నాను. మా లోపల ఏం జరుగుతుందో చెబుతాను, అందరికీ నచ్చకపోవచ్చు.

ఎంబీఏ అనే మాటను చదివేవాళ్లు ఒక్కరు కాదు. మీ సొంత కంపెనీలో ప్రమోషన్ ఫైలు చూసే మనిషికి పాలసీలో రాసిన అర్హత ఉందా లేదా అన్నదే కావాలి. యూజీసీ గుర్తింపున్న రెండేళ్ల పీజీ అయితే చాలు. ఇగ్నో అయినా, 2 లక్షల ప్రైవేటు వర్సిటీ అయినా ఆ గడిలో పడే టిక్కు ఒకటే. బయటి కంపెనీలో మేనేజర్ పోస్టుకి రెజ్యూమెలు వడపోసే మాలాంటివాళ్లం ముందు అనుభవం చూస్తాం. 14 ఏళ్ల టెస్టింగ్ అనుభవం ఉన్న మనిషిని డిగ్రీ ఎక్కడిదని బట్టి పిలవం. ఎంత టీమ్ నడిపారు, బడ్జెట్ చేతిలో ఉందా, క్లయింట్‌తో మాట్లాడారా, ఇవి చూస్తాం. ఇక కన్సల్టింగ్, ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ లాంటి వేరే లైనుకి మారాలనుకుంటే అక్కడ సంస్థ పేరు గట్టిగా పనిచేస్తుంది. దానికి ఆన్‌లైన్ డిగ్రీ ఒక్కటే సరిపోవడం నేను చాలా తక్కువ చూశాను.

మా గచ్చిబౌలిలోనే 2001 నుంచి ఉన్న ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) ఇచ్చేది పీజీపీ అనే సొంత పోస్ట్ గ్రాడ్యుయేట్ కోర్సు, యూజీసీ డిగ్రీ కాదు. అయినా కంపెనీలు క్యూ కడతాయి. ఐఐఎంలు కూడా 2017 నాటి చట్టం వచ్చేదాకా ఎంబీఏ డిగ్రీ ఇచ్చేవి కావు, డిప్లొమానే. అంటే పేరు వేరు, గుర్తింపు వేరు. మీ మూడో దారిలోని 11 నెలల సర్టిఫికెట్ మాత్రం ఆ సంస్థ పూర్తికాలపు కోర్సుతో సమానం కాదు. ప్రమోషన్ పాలసీలో "పీజీ డిగ్రీ" అని ఉంటే అది ఆ గడిలో పడదు. నేర్చుకోవడానికి బాగుండొచ్చు. కానీ మీరు కొనాలనుకుంటున్నది వేరే.

ఇంకొకటి, చాలామంది చేసే తప్పు. రెజ్యూమెలో "ఎంబీఏ, 2023–25" అని రాసి ఆన్‌లైన్ అన్నమాట దాచేస్తారు. వెరిఫికేషన్‌లో అవే తేదీల్లో ఉద్యోగం కూడా కనబడుతుంది. "ఫుల్‌టైమ్ ఎలా చేశారు" అని మేం అడుగుతాం. దాచిన మనిషి మీద నమ్మకం పోతుంది. చేసింది ఆన్‌లైన్‌లోనే అని రాసుకోండి. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ రెండేళ్లు చదవడం దాచాల్సిన పనేం కాదు.


కూకట్‌పల్లి వాసి | మంగళవారం, ఉదయం 10:02

మేడం, ఆన్‌లైన్ డిగ్రీకి మామూలు డిగ్రీతో సమాన విలువ లేదని మా మేనేజర్ అన్నాడే?


వడపోత | మంగళవారం, ఉదయం 10:15

చట్టపరంగా ఆ మాట తప్పండీ. గుర్తింపున్న సంస్థ దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇచ్చే డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టంగా నోటీసు ఇచ్చింది. మార్కెట్లో మనుషులు ఎలా చూస్తారన్నది వేరే సంగతి, అది పైన చెప్పాను.


సర్కారు కొలువు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

గుర్తింపు ఎక్కడ చూడాలో ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. కౌన్సెలర్ పంపిన పీడీఎఫ్ కాదు, యూజీసీ వాళ్ల డెబ్ పోర్టల్ చూడాలి. డెబ్ అంటే దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులను చూసే విభాగం. ఏ వర్సిటీకి, ఏ కోర్సుకి, ఏ విద్యా సంవత్సరానికి, ఏ సెషన్‌కి అనుమతి ఉందో అందులో ఉంటుంది. నాలుగూ చూడాలి. వర్సిటీ పేరుంది కదా అని వదిలేయకండి. బీకామ్‌కి ఉండి ఎంబీఏకి లేకపోవచ్చు. పోయిన జులైకి ఉండి వచ్చే జనవరికి లేకపోవచ్చు. దూరవిద్యకి ఉండి ఆన్‌లైన్‌కి లేకపోవచ్చు. ఎంబీఏ కాబట్టి సాంకేతిక, మేనేజ్‌మెంట్ చదువులను చూసే ఏఐసీటీఈ అనుమతి సంగతీ అడగండి.

ఇంకో గట్టి గుర్తు ఉంది. 2024 నుంచి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చేరేవాళ్లకు డెబ్ ఐడీ తప్పనిసరి. ముందు డిజిలాకర్ ద్వారా ఏబీసీ ఐడీ (మన చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు) తీసుకుని, దాంతో డెబ్ ఐడీ మనమే చేసుకోవాలి. అడ్మిషన్ ఇస్తామంటూ ఈ ఐడీ ఊసే ఎత్తట్లేదంటే అనుమానించాల్సిందే.

నాలాంటి ప్రభుత్వ ఉద్యోగులు ఇంకో పని చేయాలి. చేరకముందే శాఖ నుంచి అనుమతి కాగితం తీసుకోవాలి. డిగ్రీ అయ్యాక సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కించమంటే ముందు ఆ కాగితమే అడుగుతారు. మా సెక్షన్‌లో ఒకాయన అది లేక ఏడాది తిరిగాడు.


కొండాపూర్ అమ్మ | మంగళవారం, రాత్రి 10:30

నేను పోయిన ఏడాది ప్రైవేటు వర్సిటీలో ఆన్‌లైన్ ఎంబీఏ పూర్తి చేశాను. మంచీ చెడూ రెండూ చెబుతాను.

మంచి ఏంటంటే, ఇంట్లోంచి కదలక్కర్లేదు. అప్పుడు మా బాబుకి నాలుగేళ్లు. పరీక్షా కేంద్రానికి వెళ్లాలంటే నేను అసలు చేరేదాన్ని కాదు. ఫైనాన్స్ చెప్పిన సార్ చాలా బాగా చెప్పారు. బ్యాలెన్స్ షీట్ అంటే భయం పోయింది. ఆఫీసులో మా డైరెక్టర్ మార్జిన్ గురించి మాట్లాడుతుంటే ఇదివరకు తల ఊపేదాన్ని, ఇప్పుడు ప్రశ్న అడుగుతున్నాను. నాకు దక్కిన అసలు లాభం అదే.

ఇక ఇంటి నుంచి పరీక్ష అంటే హాయి అనుకుంటారు. నా రెండో సెమిస్టర్ సంగతి చెబుతాను. ఆదివారం పొద్దున పది గంటలకి పరీక్ష. ముందు కెమెరాలో గది నాలుగు మూలలూ చూపించాలి, టేబుల్ కింద కూడా. గోడ మీద బాబు అతికించిన ఎక్కాల చార్టు తీసేయమన్నారు. తీశాను. తలుపు గడియ పెట్టుకున్నాను. మా ఆయన బాబుని పార్కుకి తీసుకెళ్లారు. ఇరవై నిమిషాలయ్యాక పక్క ఫ్లాట్‌లో డ్రిల్లింగ్ మొదలైంది. తెర మీద పసుపు రంగులో హెచ్చరిక, "గదిలో శబ్దం వస్తోంది" అని. ఆలోచించేటప్పుడు కిటికీ వైపు చూడటం నా అలవాటు. రెండో హెచ్చరిక, "మీ చూపు తెర మీద లేదు" అని. మూడోది వస్తే పరీక్ష ఆగిపోతుందన్నారు. మిగతా గంటన్నరా మెడ తిప్పలేదు. అంతలో వాన మొదలై వాళ్లిద్దరూ వెనక్కి వచ్చేశారు. బాబు తలుపు కొట్టకూడదని వాళ్ల నాన్న చెప్పి ఉంటారు. వాడు తలుపు కింద సందులోంచి ఓ కాగితం లోపలికి తోశాడు. వంగి తీసుకుంటే హెచ్చరిక వస్తుందని అలాగే వదిలేశాను. పరీక్ష అయ్యాక చూస్తే కుర్చీలో కూర్చున్న నా బొమ్మ గీశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా డిగ్రీ ఫైల్లోనే ఉంది.

అన్నయ్యా, మీరు ఇంటి నుంచి పరీక్ష రాయాలంటే తలుపున్న గది, ఇన్వర్టర్, రెండో నెట్ కనెక్షన్ ఉన్నాయో లేదో చూసుకోండి. నేను మొబైల్ హాట్‌స్పాట్ ఎప్పుడూ ఆన్ చేసి పక్కన పెట్టుకునేదాన్ని.

చెడు కూడా చెప్పాలి. చేరేముందు రోజుకు ఐదుసార్లు ఫోన్ చేసినవాళ్లు, చేరాక మార్కుల మెమోలో నా ఇంటిపేరు తప్పు పడితే సరిచేయడానికి మూడు నెలలు తీసుకున్నారు. ప్లేస్‌మెంట్ సాయం అన్నారు, అది ఉద్యోగాల లింకులు పంపే ఓ గ్రూపు, అంతే.


మియాపూర్ ప్రయాణికుడు | బుధవారం, ఉదయం 8:10

అమ్మా, మీరు రాసింది మెట్రోలో నిలబడి చదివాను. తలుపు కింద కాగితం దగ్గర గొంతు పట్టేసింది. మాది రెండు పడకగదుల ఫ్లాట్. నాన్నగారు మా దగ్గరే ఉంటారు, ఆయనకు చెవుడు, టీవీ గట్టిగా పెడతారు. ఇంటి పరీక్ష నాకు సులువని ఇంతవరకూ అనుకున్నాను.


పాత బ్యాంకు మనిషి | బుధవారం, మధ్యాహ్నం 3:45

బాబూ, నేను రిటైరై మూడేళ్లయింది. మా నాన్న పోయాక ఇంటర్‌తోనే ఉద్యోగంలో చేరాను. డిగ్రీ జూబ్లీహిల్స్‌లో ఉన్న మన సార్వత్రిక (ఓపెన్) వర్సిటీలో చేశాను. అదే ఇవాళ్టి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో పెట్టారు, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక వర్సిటీ అది. దానికి తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. తర్వాత 1985లో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ ఆయనే తొలి వైస్ ఛాన్సలర్. ఉస్మానియాలో దూరవిద్యా కేంద్రానికి ఉన్నది ఆయన పేరే. ఉద్యోగం చేసేవాడు, వంటింట్లో ఉండేవాళ్లు కూడా చదవాలన్న ఆలోచనకు మన ఊళ్లో ఇంత చరిత్ర ఉంది. దూరవిద్య అంటే చిన్నచూపు చూసేవాళ్లకి ఇది తెలియాలి.

మాకు ఆదివారాలు క్లాసులుండేవి. పుస్తకాలు చేతికొచ్చేవి. నేను చూసిందేమిటంటే, చేరినప్పుడు గది నిండా ఉండేవాళ్లం, చివరి పరీక్షనాటికి రెండు బెంచీలు. మానేసినవాళ్లు తెలివి తక్కువవాళ్లు కాదు. వాళ్లకు ఇంట్లో చదువుకునే వేళ దొరకలేదు, అంతే. కాబట్టి ఏ వర్సిటీ అనే ముందు ఏ వేళ అన్నది తేల్చుకో.

వారంలో కొన్ని సాయంత్రాలు క్లాసుకు వెళ్లగలిగితే ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఉస్మానియాలో సాయంత్రపు ఎంబీఏ సంగతి కూడా కనుక్కో. ఎదురుగా మాస్టారు, పక్కన తోటి విద్యార్థి ఉంటే ఆ చదువే వేరు.


మియాపూర్ ప్రయాణికుడు | బుధవారం, రాత్రి 10:20

బాబాయ్ గారూ, సాయంత్రం 6:30 నుంచి మాకు అమెరికా కాల్స్ మొదలవుతాయి. రోజూ తార్నాక దాకా వెళ్లడం కుదరదు. కానీ "ఏ వేళ" అన్న మాట నన్ను పట్టుకుంది.


లెక్కల మనిషి | బుధవారం, రాత్రి 10:55

ఆ వేళకు లెక్క నేను కడతాను. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టుకి 120 గంటలు. సెమిస్టర్‌కి అలాంటివి ఏడు అనుకుంటే 840 గంటలు. 25 వారాలకి పంచితే వారానికి దాదాపు 34 గంటలు. కాగితం మీద లెక్క ఇది. అంతా చదవరు సరే, సగమే అనుకున్నా వారానికి 17 గంటలు. మీ వారంలో 17 గంటలు ఎక్కడున్నాయో చూపించండి. చూపించలేకపోతే రెండేళ్లు కాదు, మూడేళ్లనుకుని చేరండి. ఇగ్నో ఎంబీఏకి గడువు నాలుగేళ్ల దాకా ఉంది. ప్రైవేటులో అదనపు సెమిస్టర్‌కి, మళ్లీ రాసే పరీక్షకి ఎంత తీసుకుంటారో ముందే అడగండి, బ్రోషర్‌లో అది వేయరు.


నల్లగండ్ల | గురువారం, ఉదయం 7:15

అందరూ ఏ ఎంబీఏ అంటున్నారు. నేను అసలు ఎంబీఏ ఎందుకు అని అడుగుతున్నాను. నేనూ టెస్టింగ్ నుంచే వచ్చాను, ఇప్పుడు డెలివరీ మేనేజర్‌ని. ఎంబీఏ లేదు. మా మేనేజర్‌ని నేరుగా అడిగాను, నన్ను ఎందుకు ఆపారని. "నీ ప్రాజెక్టు ఖర్చెంతో నీకు తెలీదు" అన్నాడు. నిజమే. అప్పటి నుంచి నెలనెలా ప్రాజెక్టు ఖర్చుల షీట్ నేనే తయారుచేస్తానని అడిగి తీసుకున్నాను. ఏడాదిన్నరకి ప్రమోషన్ వచ్చింది. ఆ ఇద్దరికి ఎంబీఏ వల్లే వచ్చిందని మీరు అనుకుంటున్నారు. అడిగారా?


వడపోత | గురువారం, ఉదయం 9:20

ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఒక్కటే కలుపుతాను. మేనేజర్ నోటిమాటతో ఆగకండి, హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తీసుకోండి. పాలసీలో డిగ్రీ అవసరమా, ఆన్‌లైన్ చెల్లుతుందా, కంపెనీ ఫీజు తిరిగిస్తుందా, ఇస్తే ఎన్నేళ్లు ఉండాలని బాండ్ రాయించుకుంటారు, ఈ నాలుగూ అడగండి. చాలా కంపెనీల్లో చదువుకి డబ్బిచ్చే పథకం ఉంటుంది, ఎవరూ అడగక అలాగే పడి ఉంటుంది.


మియాపూర్ ప్రయాణికుడు | గురువారం, ఉదయం 9:45

అడగలేదండీ. ఊహించుకున్నాను. ఇవాళే మెయిల్ పెడతాను. రెండు వారాలు టైమివ్వండి, వేళ సంగతి కూడా తేల్చుకుని వస్తాను.


మియాపూర్ ప్రయాణికుడు | పదిహేడు రోజుల తర్వాత, ఆదివారం, ఉదయం 9:30

అందరికీ నమస్కారం. చెప్పినట్టే వచ్చాను.

ముందు ఆఫీసు సంగతి. మా మేనేజర్‌తో మాట్లాడాను. నల్లగండ్ల గారు చెప్పిందే దాదాపు అదే మాటల్లో వచ్చింది. ఆ ఇద్దరూ ముందునుంచీ క్లయింట్ ఎస్టిమేషన్లలో కూర్చునేవాళ్లట. వచ్చే ప్రాజెక్టు ఎస్టిమేషన్‌కి నన్నూ కూర్చోబెడతానన్నారు. హెచ్ఆర్ నుంచి మెయిల్ కూడా వచ్చింది. మేనేజర్ గ్రేడ్‌కి పీజీ తప్పనిసరి కాదు. ఆ పైగ్రేడ్‌కి మాత్రం "యూజీసీ గుర్తింపున్న పీజీ డిగ్రీ ఉంటే ప్రాధాన్యం" అని ఉంది. ఆన్‌లైన్, దూరవిద్య అన్న తేడా లేదు. సర్టిఫికెట్ కోర్సు అందులోకి రాదని వాళ్లే రాశారు. ఫీజు పథకం ఉంది, ఏడాదికి 40 వేల వరకు ఇస్తారు, డిగ్రీ అయ్యాక ఏడాది ఉండాలి. తొమ్మిదేళ్లుగా ఉన్నాను ఈ కంపెనీలో, ఇది ఉన్నట్టే తెలీదు.

ఇక వేళ. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల పోర్టల్ స్వయంలో ఉచితంగా ఉన్న అకౌంటింగ్ పాఠాలు తీసుకుని, కోర్సులో చేరినట్టే రెండు వారాలు కూర్చున్నాను. మొదటి వారం రాత్రి కాల్స్ అయ్యాక పదిన్నరకి కూర్చున్నాను. ఐదు రోజుల్లో మూడు రోజులు టేబుల్ మీదే నిద్రపోయాను. పాప వచ్చి లైటు తీసేసి వెళ్లింది ఒకరోజు. రెండో వారం మార్చాను. పొద్దున నాలుగున్నరకి లేచి ఆరున్నర దాకా. నాన్నగారు అప్పటికి లేవరు, టీవీ ఉండదు. నాలుగు రోజులు కుదిరింది, ఎనిమిది గంటలు. ఆదివారం మూడు గంటలు. మొత్తం పదకొండు. మెట్రోలో చదువుదామనుకున్నాను కానీ అమీర్‌పేటలో రైలు మారే హడావిడిలో ఒక్క పేజీ కూడా ఎక్కలేదు. ఆ గంటలు లెక్కలోంచి తీసేశాను.

డెబ్ పోర్టల్‌లో చూశాను. ఆ ప్రైవేటు వర్సిటీకి ఎంబీఏ అనుమతి ఈ సెషన్‌కి ఉంది. వాళ్లది మోసమేం కాదు. కానీ మా ఇంట్లో గడియ పెట్టుకుని రెండు గంటలు మెడ తిప్పకుండా కూర్చునే గది లేదు. నాకు పరీక్షా కేంద్రానికి వెళ్లి పెన్నుతో రాయడమే నయం. జూన్‌లో, డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టుకుంటాను. ఏబీసీ ఐడీ, డెబ్ ఐడీ చేసుకున్నాను. ఇగ్నోలో జనవరి సెషన్‌కి దరఖాస్తు చేస్తున్నాను, దూరవిద్య పద్ధతిలోనే. రెండేళ్లని ఎవరికీ చెప్పట్లేదు, మా ఆవిడకి మూడేళ్లని చెప్పాను. "మూడేళ్లూ ఆదివారం టిఫిన్ నేను చూస్తా, కూరగాయలు నువ్వు తేవాలి" అంది.


ఉప్పల్ అన్న | ఆదివారం, ఉదయం 9:52

మంచి పని చేసినవ్ తమ్ముడూ. నేనూ ఆ స్వయం పాఠాలు చూస్త, లింకు పెట్టు.


పాత బ్యాంకు మనిషి | ఆదివారం, ఉదయం 10:10

అసైన్‌మెంట్లు మాత్రం చివరి వారానికి పెట్టకు బాబూ. 30 శాతం మార్కులు వాటివే. చేత్తో రాసేటప్పుడే పాఠం ఎక్కుతుంది.


కొండాపూర్ అమ్మ | ఆదివారం, ఉదయం 11:25

అన్నయ్యా, నా దగ్గర మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ పుస్తకం, చేత్తో రాసుకున్న నోట్సు రెండు ఉన్నాయి. సిలబస్ వేరైనా బ్యాలెన్స్ షీట్ ఎక్కడైనా ఒకటే. నేను శనివారాలు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ మీదుగానే వెళతాను. పదకొండు గంటలకి మెట్ల దగ్గర ఇస్తాను. చదివాక మాత్రం తిరిగివ్వండి, మూడో అధ్యాయం దగ్గర బాబు గీసిన ఇంకో బొమ్మ ఉంది.